రెండు పోగుల సందు

ఆదోనిలో ఎక్కిన బస్సు ఊరు దాటకముందే తిరుపాల్ చొక్కా పైజేబును నాలుగోసారి తడుముకున్నాడు. ఉంది. తలనొప్పి మందు అయిపోయిన చిన్న రేకు డబ్బా, అందులో దూది, దూదిలో గోరంత కొత్త మెమరీ కార్డు. ఒడిలో నల్ల సంచి. సంచిలో ఒక మీట ఊడిపోయిన లాప్‌టాప్, మూడు రకాల వైర్లు, స్క్రూడ్రైవర్లు, భార్య నాగవేణి కట్టిచ్చిన జొన్నరొట్టెలు. కిటికీ పక్కన సీటు దొరికినా ఈ రోజు అతను బయటికి చూడలేదు. మామూలుగా అయితే పక్కవాడితో మాట కలిపి, దిగేలోపు వాడి ఇంట్లో ఏ సామాను చెడిపోయి మూలన పడి ఉందో కనుక్కునే మనిషి.

యాభై నాలుగేళ్లు. పొట్టివాడు. పొట్ట మాత్రం పొట్టిది కాదు. ఎడమచేతి బొటనవేలి గోరు సోల్డరింగు వేడికి ఎప్పుడో నల్లబడి అలాగే ఉండిపోయింది. కళ్లద్దాలకు తాడు కట్టి మెడలో వేసుకుంటాడు. అయినా రోజుకు రెండుసార్లు వాటికోసం వెతుకుతాడు. అతని చొక్కాలన్నిటికీ రెండేసి జేబులు. ఒకటి మనుషులకు, ఒకటి స్క్రూలకు అని నాగవేణి ఎగతాళి చేస్తుంది, కుట్టేది కూడా తనే.

ఆదోనిలో రైల్వేస్టేషను దారిలో అతని అంగడి బోర్డు మీద ఇప్పటికీ 'తిరుపాల్ రేడియో సర్వీస్' అనే ఉంటుంది. ఆ అంగట్లోకి రేడియో వచ్చి పదిహేనేళ్లయింది. రేడియోలు పోయాక టేప్‌రికార్డర్లు, అవి పోయాక టీవీలు, ఆ తర్వాత డిష్షులు, సెల్‌ఫోన్లు, సీసీ కెమెరాలు. ఒక్కో సరుకు కాలం తీరినప్పుడల్లా తిరుపాల్ రెండు రోజులు దిగులుపడి, మూడో రోజు కొత్త సరుకు మూత విప్పేవాడు. కంప్యూటర్లు కూడా అలాగే నేర్చుకున్నాడు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదువుతాడు. సగం రిపేర్లు ఫోన్లోనే చేసేస్తాడు, "ఆపి మళ్లా వేయండి" అనే ఒక్క మాటతో. ఆ మాట పదిసార్లలో ఏడుసార్లు పనిచేస్తుంది, నమ్మండి.

మిగతా మూడుసార్లలో ఒకటి ఇప్పుడు ఎమ్మిగనూరులో ఎదురుచూస్తోంది.

నిన్న సాయంత్రం అరుణకుమారి ఫోన్ చేసింది. ఎమ్మిగనూరులో ఒక వీధివాళ్లు ముప్పై మగ్గాలతో పెట్టుకున్న చిన్న చేనేత సంఘానికి ఆమె గుమాస్తా. లెక్కప్రకారం గుమాస్తా, నిజానికి ఆ సంఘంలో ఆమె చెప్పనిదే పిల్లి కూడా గడప దాటదు.

"తిరుపాలన్నా, చిట్టి వారం నుంచి స్థలం లేదు స్థలం లేదు అంటాండాది. అది పోనీ. ఇప్పుడు బీరువా తెరిసి సూస్తే శేషప్ప తాత మాటలు ఒక్కటీ లేవన్నా. పదకొండు తూర్లు సెప్పినాడు. ఒక్కటంటే ఒక్కటి లేదు."

"ఆపి మళ్లా..." అనబోయి నోరు మూసుకున్నాడు తిరుపాల్.

చిట్టి, బీరువా అనేవి అతను పెట్టిచ్చిన పేర్లే. పోయిన ఏడాది ఉగాది ముందు, సంఘంలో పాత నేత నమూనాలన్నీ చెదలు తినకముందే ఫోటోలు తీసి దాచాలని అనుకున్నారు. తిరుపాల్ అరచేతిలో పట్టే పచ్చని బోర్డు ఒకటి తెచ్చాడు. ఆ బోర్డే ఒక పూర్తి కంప్యూటరు. దానికి సరైన పెట్టె దొరక్క, సబ్బుపెట్టెకు కాల్చిన సూదితో గాలి రంధ్రాలు పెట్టి అందులో కూర్చోబెట్టాడు. అదే చిట్టి. కరెంటు పోయినా పని ఆగకూడదని దానికి సొంతంగా ఒక బ్యాటరీ కూడా పెట్టాడు. లోపలి గదిలో రెండు పెద్ద డిస్కులున్న నల్ల డబ్బా బీరువా. కెమెరాతో తీసినవన్నీ పగలు చిట్టి దగ్గర చేరతాయి. సాయంత్రం ఆరింటికి చిట్టి వాటిని వైరు మీదుగా బీరువాకు పంపి, తన దగ్గర ఉన్నవి చెరిపేసుకుంటుంది. పాపం చిన్న ప్రాణం, ఎన్నని మోస్తుంది?

ఆ నమూనాల్లో సగం కాగితాల మీద లేనే లేవు, శేషప్ప తలలో ఉన్నాయి. ఎనభై రెండేళ్ల శేషప్ప ఆ వీధిలో అందరికంటే పెద్ద నేతగాడు. మగ్గం మీద ఉన్నప్పుడు నోరు తెరవడు. నేతవాళ్లకు అమావాస్య నాడు మగ్గం ముట్టుకోకపోవడం ఆచారం కాబట్టి ఆ ఒక్క రోజు ఆయనకు తీరిక. అలా నెలకొక అమావాస్య చొప్పున పదకొండు అమావాస్యలు వచ్చి కూర్చుని, పోగు పోగునా చెప్పాడు. ఆయన వేళ్లు కదిలే తీరు ముఖ్యమని అరుణకుమారి కెమెరాను చేతులమీదే పెట్టి వీడియో తీసింది.

ఇందులో తిరుపాల్‌కు ఒక సొంత సంగతి ఉంది. అతని నాన్న తిక్కయ్య ఒకప్పుడు శేషప్ప పక్క మగ్గం మీద నేసేవాడు. తిరుపాల్‌కు నాలుగేళ్లప్పుడు జ్వరంతో పోయాడు. అమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని ఆదోనిలో తన అన్న దగ్గరకు వచ్చేసింది. నాన్న ఫోటో లేదు. ముఖం గుర్తు లేదు. ఎప్పుడైనా అడిగితే అమ్మ "మీ నాయన యా పనీ సక్కగ జేసినోడు కాదు లే" అని కొంగుతో మూతి తుడుచుకునేది. అంతే అతనికి తెలిసిన నాన్న. కార్తీక అమావాస్య మర్నాడు అరుణకుమారి ఫోన్ చేసి, "నిన్న తాత మీ నాయన గురించి అరగంట సెప్పినాడన్నా, వచ్చి ఇను" అంది. తిరుపాల్ సరే అన్నాడు. పోలేదు. పని ఉందన్నాడు గానీ, అసలు సంగతి భయం. ఏం వినాల్సి వస్తుందో అని. ఎక్కడికి పోతుంది, బీరువాలో ఉందిగా, ఎప్పుడైనా వినొచ్చులే అనుకున్నాడు.

ఇప్పుడు బీరువాలో లేదు. మాఘ అమావాస్య తర్వాత శేషప్పకు మతిమరుపు ముదిరింది. మళ్లీ చెప్పమంటే చెప్పలేడు. పైగా రేపు అమావాస్య, ప్రయాణం పనికిరాదని హాలహర్వి నుంచి ఆయన కూతురు భీమక్క వచ్చి ఈ మధ్యాహ్నమే తండ్రిని తనతో తీసుకుపోతోంది.

ఎమ్మిగనూరు బస్టాండు బయట హుసేనమ్మ బండి మీద బొరుగుల ఉగ్గాని పొగలు కక్కుతోంది. మిరపకాయ బజ్జీలు అప్పుడే నూనెలోంచి తీసింది. "ఏమప్పా, సూడనట్ల పోతాండావు!" అని ఆమె కేకేసింది. తిరుపాల్ చెయ్యి ఊపి సాగిపోయాడు. ఇరవయ్యేళ్లలో అతను ఆ బండి దాటిపోవడం అదే మొదటిసారి. హుసేనమ్మ గరిటె పట్టుకుని కాసేపు అలాగే చూసింది.

సంఘం ఆఫీసులో అరుణకుమారి కుర్చీ తుడిచి సిద్ధంగా పెట్టింది. నలభై దాటిన మనిషి, బక్కపలచగా, చెవి వెనక పెన్సిలుతో ఉంటుంది. తిట్టాలనుకుని రాత్రంతా మాటలు పేర్చుకుంది కాబోలు. కానీ తిరుపాల్ ముఖం చూసి నీళ్లిచ్చింది.

అతను వైర్లు చూశాడు. తీసి పెట్టాడు. బీరువా పిలిస్తే పలుకుతోంది. తాళం మాట, అదే పాస్‌వర్డు, సరిగ్గానే ఉంది. చిట్టి రాసుకునే దినచర్య తెరిచాడు. అందులో రోజూ సాయంత్రం ఆరింటికి ఒకే వాక్యం: 'పంపడమైనది.' పదకొండు అమావాస్యలకూ 'పంపడమైనది' అనే ఉంది. పంపితే బీరువాలో ఉండాలి. పంపకపోతే చిట్టి దగ్గర ఉండాలి. బీరువాలో లేదు, చిట్టి దగ్గరా లేదు.

"వీడియోలు పెద్దవి కదమ్మా, దోవలో తెగిపోయినాయేమో."

"వీడియోలే కాదన్నా. ఆ పొద్దుల్లో నేను తీసిన ఫోటోలు కూడా లేవు. పక్క రోజు ఫోటోలు ఉండాయి."

అయితే తప్పు సైజులో లేదు, రోజులో ఉంది. తిరుపాల్ తల గోక్కున్నాడు. ఇంకొక వింత కూడా ఉంది. చిట్టి కార్డు నిండిపోయిందని చెబుతోంది. అందులో ఉన్న ఫైళ్లన్నీ కూడితే కార్డులో అయిదో వంతు కూడా లేవు. ఖాళీ మూట మోయలేకపోతున్నాను అంటే ఏమనుకోవాలి? ఇలాంటప్పుడు అందరూ చేసే పని ఒకటుంది. కార్డు చెడిపోయిందనుకుని, పాతది పూర్తిగా తుడిచేసి, కొత్తది పెట్టేయడం. అందుకే రేకు డబ్బా తెచ్చాడు. పాత కార్డు తుడవమంటారా అని లాప్‌టాప్ అడిగింది కూడా. తిరుపాల్ నల్లగోరు వేలు మీట మీదికి పోయింది.

సరిగ్గా అప్పుడే కాపలాదారు మహానంది చీపురుతో లోపలికి వచ్చాడు. డెబ్బయ్యేళ్లకు రెండు తక్కువ. నుదుట మూడు వేళ్ల విభూతి, చేతిలో ఎప్పుడూ ఏదో ఒక శుభ్రం చేసే సామాను.

"తిరుపాలూ, నీ సామాన్లు ఈ పొద్దే తీసుకోని పోవల్ల. రేపు పొద్దున్నే మెయిను దించేస్తా."

"మెయిను దించేది ఎందుకు?"

మహానంది అతన్ని జాలిగా చూశాడు. "అమావాస్య కదప్పా! మగ్గాలు కడగల్ల, ఆఫీసు కడగల్ల. నీళ్లు పోస్తే కరెంటు కొడతాది. పొద్దున దించితే మర్నాడు పొద్దున ఎత్తేది. నేను వచ్చినప్పట్నుంచి అంతే. నీ నల్ల డబ్బాకి కూడా బొట్టు పెట్టి ఊదుబత్తి ముట్టిస్తా. నీ సామానుకి నేను యాపొద్దన్నా తక్కువ జేసినానా?"

నిజమే. లోపలి గదిలో బీరువా నుదుటన పదకొండు అమావాస్యల కుంకుమ దట్టంగా పేరుకుని ఉంది. తిరుపాల్ దాన్ని పొద్దుటి నుంచి నాలుగుసార్లు చూశాడు. చూసి, బొట్టే కదా అనుకున్నాడు.

అతను మీట మీంచి వేలు తీసేశాడు. "అరుణమ్మా, అమావాస్య నాడు మెయిను ఉండదని నీకు తెల్సునా?"

"తెలీకేమన్నా? ఫ్యాను లేక సచ్చేదాన్ని కదా. చిట్టికి బ్యాటరీ ఉండాది కాబట్టి రికార్డింగు మటుకు అయ్యేది."

"నాకు సెప్పలేదే?"

"అమావాస్య నాడు దించుతారని యెవురికన్నా సెప్తారా అన్నా?" అంది ఆమె నిజంగానే ఆశ్చర్యపోయి. "నువ్వూ నేతోళ్ల బిడ్డవే కదా."

 నాలుగేళ్లకే ఆ వీధి వదిలిపోయినవాడికి ఆ సంగతి చెప్పేవాళ్లెవరు?

సరే, బీరువా నిద్రపోయిన రోజు చిట్టి ఎవరికి పంపింది? ఎవరికో పంపింది. 'పంపడమైనది' అని సంతకం కూడా పెట్టింది. అది అబద్ధమాడే రకం కాదు.

అరుణకుమారి నిట్టూర్చి గోడ దగ్గరికి పోయింది. ఆమెకు ఒక అలవాటు ఉంది. కొత్త సంవత్సరం రాగానే పాత క్యాలెండరు తీయదు. అదే మేకుకు, దాని మీదే కొత్తది తగిలిస్తుంది. ఇప్పుడు కొత్త క్యాలెండరును ఎడమచేత్తో పైకెత్తి, కింద ఉన్న పాతదాని పేజీలు తిప్పింది. ప్రతి అమావాస్య నల్ల సున్న పక్కనా సన్నని పెన్సిలు రాత. "చైత్రం, గళ్ల దుప్పటి. వైశాఖం, నెమలికన్ను అంచు... ఇదో కార్తీకం, తిక్కయ్య కత. అన్నీ పోయినాయి కదన్నా" అని చెయ్యి వదిలేసింది. కొత్త క్యాలెండరు వచ్చి పాతదాని మీద పడింది. పెన్సిలు రాతలు కనపడకుండా పోయాయి.

తిరుపాల్ నోరు తెరుచుకుని ఆ మేకువంక చూశాడు.

"మళ్లా ఎత్తమ్మా."

"ఏంది?"

"క్యాలెండరు. మళ్లా ఎత్తు."

ఆమె ఎత్తింది. రాతలు ఉన్నాయి. దించింది. లేవు. తిరుపాల్ కుర్చీలోంచి లేచి, కళ్లద్దాలకోసం వెతికి, అవి మెడలోనే ఉన్నాయని తెలుసుకుని మళ్లీ కూర్చున్నాడు. తనే రాశాడు ఆ ప్రోగ్రాము. చిట్టిలో 'బీరువా' అనే పేరుతో ఒక ఖాళీ అర, అంటే ఫోల్డరు, చేశాడు. బీరువా మేలుకుని ఉన్నప్పుడు వచ్చి ఆ అర మీద కూర్చుంటుంది. ఆ అరలో వేసినవన్నీ బీరువాకు పోతాయి. బీరువా లేని రోజు? అర మాత్రం ఉంటుంది. చిట్టి తన సొంత అరలోనే అన్నీ సర్ది, పంపేశానని రాసుకుని, అసలువి చెరిపేసుకుంది. మర్నాడు మహానంది మెయిను ఎత్తగానే బీరువా మేలుకుని మళ్లీ అదే అర మీద కూర్చుంది. కింద ఏముందో ఎవరికీ కనపడదు, కార్డులో చోటు మాత్రం నిండుతూ పోతుంది. బీరువా ఉందో లేదో చూసి పంపు అని ఒక్క వాక్యం రాయడం మరిచాడు తను. ఒక్క వాక్యం.

"మహానందన్నా, మెయిను దించు!"

"ఈ పొద్దా? ఈ పొద్దు అమావాస్య కాదు కదప్పా."

"అన్నా, నీకు దండం పెడతా. ఒక్క అయిదు నిమిషాలు."

"రేపు దించేదే కదా, ఒక పొద్దు ఓర్సుకోలేవా?" అని గొణుగుతూనే మహానంది మెట్టు ఎక్కి, లెంపలు వేసుకుని, మెయిను దించాడు. ఫ్యాను ఆగింది. లోపలి గదిలో బీరువా నీలం దీపం ఆరిపోయింది. చిట్టి మాత్రం తన బ్యాటరీ మీద సబ్బుపెట్టె రంధ్రాల్లోంచి ఎర్రగా చూస్తోంది. తిరుపాల్ దాన్ని ఆపి మళ్లీ వేశాడు. ఆ అర తెరిచాడు.

పదకొండు ఫోల్డర్లు వరసగా ఉన్నాయి.

అరుణకుమారి "అమ్మా!" అని చెవి వెనక పెన్సిలు తీసి బల్ల మీద కొట్టింది. తిరుపాల్ వేలు పెట్టి పదకొండూ లెక్కపెట్టాడు.  ఇందాక ఆ మీట నొక్కి ఉంటే ఇవన్నీ తుడిచిపెట్టుకుపోయేవి.

తర్వాతిదంతా పని. అన్నిటినీ ముందు లాప్‌టాప్‌లోకి తీశాడు. మెయిను ఎత్తించి బీరువాలోకి పంపాడు. పంపింది నిజంగా చేరిందో లేదో ఒక్కొక్కటి తెరిచి చూశాడు. భీమక్కకు ఒక పెన్‌డ్రైవులో వేశాడు. ఇకనుంచి మెయిను దించొద్దని మహానందికి గట్టిగా చెప్పమని అరుణకుమారి అంది.

"వద్దులే. ఆయన పని ఆయన జేస్తాడు. చిట్టికే సెప్తా, బీరువా లేస్తే పంపు, లేకుంటే నీ కాడే పెట్టుకొని మర్నాడు పంపు అని" అన్నాడు తిరుపాల్. ఆ ఒక్క వాక్యం రాసి, మూడుసార్లు మెయిను దింపించి, ఎత్తించి పరీక్షించాడు. మూడోసారికి మహానంది లెంపలు వేసుకోవడం మానేశాడు.

కార్తీకం ఫోల్డరు మాత్రం తెరిచి చేరిందని చూసి, వినకుండానే మూసేశాడు. రొట్టెలు తిన్నాక చూద్దామనుకున్నాడు. రొట్టెలు తిన్నాడు. చేతులు కడుక్కున్నాక చూద్దామనుకున్నాడు. ఇంతలో రెండు గంటలకు శేషప్ప వచ్చేశాడు.

కర్ర ఊతంతో వంగి, తలకు చుట్టిన పాత టవాలు చెవుల మీదికి జారుతూ ఉంటే ఒక చేత్తో ఎగదోసుకుంటూ వచ్చాడు. వెనక భీమక్క. యాభై దాటిన గట్టి మనిషి. ఒక చేతిలో ట్రంకుపెట్టె, ఇంకో చేతిలో మూట. బస్సుకు ముందు అందరికీ చెప్పి పోదామని తీసుకొచ్చింది.

"తాతా, నీ మాటలు దొరికినాయి. ఇంటావా?" అంది అరుణకుమారి. తిరుపాల్ వైపు చూసి, అతను ఏదో అనేలోపే కార్తీకం నొక్కింది.

తెర మీద రెండు చేతులు కనపడ్డాయి. ముడతలు పడిన వేళ్లు గాలిలో పోగులు తీస్తున్నాయి. మాట గట్టిగా, నవ్వుతూ వచ్చింది.

"తిక్కయ్య అని ఉండె, నా పక్క మగ్గం. బంగారట్లాంటోడు. లెక్క కాడే కొంచెం తేడా. ఒక తూరి దుప్పటి అంచుకి ఎర్ర పోగులు అచ్చు సందుల్లో, అదే దువ్వెన పండ్లట్లాంటి సందుల్లో, ఎక్కిస్తాండాడు. ఏడో పోగు ఎక్కించినాడు, లోపల వాని కొడుకు ఏడ్సినాడు. నెలల పిల్లోడు. వీడు అన్నీ ఇడిసిపెట్టి లేసినాడు. ఒరే, పెండ్లాం ఉండాది కదరా, ఆయమ్మ సూసుకుంటాది, కూసో అని అందరం అరిసినాం. ఇంటేగదా! పిల్లోన్ని బుజానేసుకొని వీధి కొస దాకా తిప్పుకొని, నిద్రబుచ్చి వచ్చినాడు. వచ్చి కూసొని, రెండు సందులు వదిలిపెట్టి ఆ పక్కదాంట్లో గుచ్చినాడు. సూసుకోలేదు. నేసినాక సూస్తే ఎర్రంచు నడుమ ఈ కొస నుంచి ఆ కొసకి సన్నంగా ఖాళీ గీత! తలకాయ పట్టుకొని కూసున్నాడు పాపం. తీరా సంతకి పోతే ఆ దుప్పట్లే ముందు అయిపోయినాయి. ఆ సందు ఉండేటివి ఇంకా ఉండాయా అని మళ్లా వచ్చి అడిగినారు. ఇంగేముండాది, వీధంతా రెండు సందులు వదిలే నేసినాం. కొత్త పడుగు పోగుల్ని పాత పడుగు కొసలకి ముడేసేదే కదా, వాని తప్పు అట్ల పడుగు మీద పడుగు దాటుకుంటా పోయింది. తిక్కయ్య సందు అని పేరు పెట్టినాం. ఆ పిల్లోడే ఇప్పుడు ఆదోనిలో ఉండాడు. ఈ పెట్టె పెట్టిచ్చినోడు వాడే. వానికి తెల్సునో లేదో."

 తిరుపాల్ కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. ఎంత తుడిచినా మసక పోలేదు. యాభై ఏళ్లుగా తనకు నాన్న ఏమీ వదిలిపోలేదనే అనుకున్నాడు. పక్క మగ్గాలవాళ్లు అరుస్తున్నా లెక్కచేయకుండా, ఏడ్చే తనను భుజాన వేసుకుని వీధి చివరిదాకా నడిచిన మనిషి ఒకడున్నాడని ఈ రోజే తెలిసింది. ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వస్తే ఎటు పోనివ్వాలో అతనికి తెలియలేదు. చివరికి నవ్వాడు.

శేషప్ప తెరకు ముఖం ఆనించినంత దగ్గరగా వంగి చూస్తున్నాడు.

"ఎవురప్పా ఈయన? శానా బాగ సెప్తాండాడు."

"నువ్వే నాయనా" అంది భీమక్క.

"నేనా?" ముసలాయన తన చేతుల్ని తిప్పి చూసుకున్నాడు. తెరను చూశాడు. బోసినోరంతా విచ్చుకుంది. "నాకు ఇంత తెల్సునా!"

మహానంది ముందు నవ్వాడు, తర్వాత అందరూ నవ్వారు. భీమక్క నవ్వుతూనే మొహం అటు తిప్పుకుని ముక్కు చీదింది. పెన్‌డ్రైవును టీవీకి ఎక్కడ గుచ్చాలో తిరుపాల్ ఆమెకు చెప్పాడు. ఆమె దాన్ని పసుపు గుడ్డలో కట్టి, ట్రంకులో బట్టల నడుమ పెట్టింది. రేపు తాత రాకపోయినా సరే ఆఫీసు తెరిచి కూర్చుంటానని అరుణకుమారి అంది.  శేషప్ప "వచ్చే అమావాస్యకి వస్తా లేమ్మా" అన్నాడు.

హాలహర్వి పోవాలంటే ఆదోనిలో బస్సు మారాలి కాబట్టి ముగ్గురూ కలిసే బయల్దేరారు. హుసేనమ్మ బండి మీద ఉగ్గాని అయిపోయింది. మిగిలిన నాలుగు బజ్జీలు కాగితంలో చుట్టి ఆమె తిరుపాల్ చేతిలో పెట్టింది. పొద్దున అట్లా పోయినావే, ఒళ్లు బాగలేదేమో అనుకుంటి అంది.

మూడు గంటల బస్సు రాగానే జనం తలుపు మీద పడ్డారు. ఎవరికీ అర్థమయ్యేలోపు శేషప్ప తల టవాలు విప్పి ఉండచుట్టి, కిటికీ చువ్వల సందులోంచి లోపలికి విసిరాడు. అరవై ఏళ్లకు పైగా మగ్గంలో ఈ వైపు నుంచి ఆ వైపుకు నాడె విసిరిన చెయ్యి. టవాలు సరిగ్గా ముగ్గురు కూర్చునే సీటు మధ్యలో పడింది. సీటు దక్కింది. కూతురి పేరు మరిచినా చెయ్యి ఈ పని మరవలేదని భీమక్క మురిసిపోయింది.

దోవలో ముసలాయన బజ్జీ ఒకటి బోసినోట నానబెట్టుకుని తిని, టవాలు మీదే కూర్చుని నిద్రపోయాడు. బస్సు కుదుపుకు తల మెల్లగా వచ్చి తిరుపాల్ భుజం మీద ఆనింది. తిరుపాల్ ఆదోని దాకా ఆ భుజం కదపలేదు. కిటికీలోంచి మాత్రం చూశాడు. పత్తి తీసేసిన చేలు, మేకలు, ఎండ. పక్కవాడి ఇంట్లో ఏ సామాను చెడిపోయిందో కనుక్కోవాలని ఈసారి కూడా తోచలేదు. అది వేరే కారణానికి.

ఆదోనిలో దిగేసరికి హాలహర్వి బస్సు ఇంజను వేసుకుని కదలడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు బస్సు మీద చరుస్తున్నాడు. తిరుపాల్ ట్రంకు ఎత్తుకున్నాడు, భీమక్క మూట ఎత్తుకుంది. ముసలాయన్ని ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుని దాదాపు పరుగెత్తించి మెట్లు ఎక్కించారు. ముందు సీట్లో ఉన్న ఒకావిడ లేచి చోటిచ్చింది. కిటికీ దగ్గర కూర్చున్నాక శేషప్ప చెయ్యి బయటకు పెట్టి తిరుపాల్ చేతిని పట్టుకున్నాడు. కళ్లు చిట్లించి ముఖంలోకి చూశాడు.

"పోయొస్తా తిక్కయ్యా. పిల్లోడు పండుకున్నాడా?"

తిరుపాల్ సరిదిద్దలేదు. "పండుకున్నాడు లేన్నా. నువ్వు పైలంగా పో" అన్నాడు.

బస్సు కదిలి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. తిరుపాల్ కాసేపు అక్కడే నిలబడ్డాడు. జేబు తడుముకున్నాడు. రేకు డబ్బా, అందులో వాడని కొత్త కార్డు అలాగే ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది సంచి. లాప్‌టాప్ సంచి ఎమ్మిగనూరు బస్సులోనే వదిలేశాడు!

పరుగెత్తాడు. పొట్ట ఒకపక్క, కళ్లద్దాలు ఒకపక్క ఊగుతుంటే పరుగెత్తాడు. బస్సు ఇంకా అక్కడే ఉంది. లోపల ఎవరూ లేరు. సీటు కింద నల్ల సంచి ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది. హమ్మయ్య అనుకుంటూ దాన్ని అందుకున్నాడు. సీటు మీద శేషప్ప టవాలు ఉండచుట్టుకుని పడి ఉంది.

భీమక్కకు ఫోన్ చేయాలి, ఎవరి చేతైనా పంపాలి అనుకుంటూ దాన్ని తీసి దులిపాడు. ఉతికి ఉతికి మెత్తబడిన నేత, అక్కడక్కడా బజ్జీ నూనె మరక. మడత పెట్టబోయి ఆగి, రెండు చేతులతో పట్టుకుని కిటికీ దగ్గర ఎండకు ఎత్తాడు.

వెలిసిపోయిన ఎర్ర అంచు మధ్యలో, ఈ కొస నుంచి ఆ కొస దాకా, రెండు పోగుల మేర సన్నటి వెలుతురు.